చేతి లెక్క కాలికి సరిపోదు: స్ట్రోక్ పునరావాస విభాగాల అధిపతులకు బహిరంగ లేఖ

స్ట్రోక్ పునరావాస విభాగాల అధిపతులకు, యంత్రాల కొనుగోలు కమిటీల సభ్యులకు నమస్కారం.

పక్షవాతం తర్వాత నడక, నిలకడ తిరిగి తెప్పించడానికని, పుర్రె తెరవకుండా పైనుంచే మెదడును ఉద్దీపించే యంత్రాలను మీలో కొందరు ఇప్పటికే కొన్నారు. మరికొందరు కొటేషన్లు తెప్పించుకుంటున్నారు. యంత్రాలే వద్దనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మా అభ్యంతరాలు రెండు. చేతి కోసం తయారైన పద్ధతిని తెచ్చి కాలికి తగిలించడం ఒకటి. ఉద్దీపనకు పట్టే అరగంటను నడక శిక్షణలోంచి కోసెయ్యడం రెండోది. ఈ రెండూ సరిచేసుకోకుండా మొదలుపెడితే రోగి నడిచేది తగ్గుతుంది, కట్టేది పెరుగుతుంది.

పుర్రె లోపల కాలి చోటు ఎక్కడుందో చూస్తే మొదటి అభ్యంతరం అర్థమవుతుంది. వేళ్లను కదిలించే మోటార్ కార్టెక్స్ (మెదడు పైపొరలో కదలికలను నడిపే భాగం) పుర్రెకు దగ్గరగా, పైపైనే ఉంటుంది. ఎనిమిది అంకె ఆకారపు కాయిల్‌ను (తీగచుట్టను) అక్కడ పెట్టి ఒక్క అయస్కాంత పల్స్ వదిలితే వేలు టక్కున కదులుతుంది. కాలి భాగం అలా దొరకదు. రెండు అర్ధగోళాలూ ఎదురుబొదురుగా ఉండే నడిమి చీలికలోకి, లోపలి గోడ మీదికి దిగి ఉంటుంది. నెత్తి చర్మం నుంచి సుమారు 3, 4 సెంటీమీటర్ల లోతు. మామూలు కాయిల్ బలం 2, 3 సెంటీమీటర్లు దాటేసరికి బాగా పడిపోతుంది. అందుకే కాలికి, రెండు రెక్కలు వంగి తలను పట్టుకున్నట్టుండే డబుల్ కోన్ కాయిల్ గానీ, ఇంకా లోతుకు వెళ్లే హెచ్-కాయిల్ గానీ కావాలి. కొటేషన్‌లో ఏ కాయిల్ రాశారో ఒకసారి చూడండి. యంత్రం ధరతోపాటు వచ్చేది ఎనిమిది అంకె కాయిలే అయితే మీరు కొంటున్నది చేతికి పనికొచ్చే యంత్రం. డబుల్ కోన్ తీసుకున్నా, హై ఫ్రీక్వెన్సీలో అది తొందరగా వేడెక్కుతుంది. చల్లార్చే ఏర్పాటు లేకపోతే సెషన్ మధ్యలో యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. ఒక రోజులో వెంటవెంటనే ఎంతమందికి చేయొచ్చో అమ్మేవాళ్ల చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి.

లోతు కంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. కుడికాలి చోటు, ఎడమకాలి చోటు ఒకే చీలికకు అటొకటి ఇటొకటిగా పక్కపక్కనే ఉంటాయి. చేతికి బాగా ప్రచారంలో ఉన్న సూత్రం ఏమిటంటే, దెబ్బ తగలని అర్ధగోళం దెబ్బ తగిలినదాన్ని అణిచివేస్తోంది కాబట్టి, మంచి వైపున సెకనుకు ఒకటి చొప్పున (1 హెర్ట్జ్) ఆర్‌టీఎంఎస్, అంటే కాయిల్ నుంచి వరుస అయస్కాంత పల్సులు, ఇచ్చి దాని జోరు తగ్గించాలి. చేతుల చోట్లు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి కాబట్టి అక్కడ 'మంచి వైపు' అనే మాటకు అర్థం ఉంది. నడినెత్తిన పెట్టిన కాయిల్ కింద మంచి వైపు ఏది, చెడ్డ వైపు ఏది? జోరు తగ్గించబోయి రెండు కాళ్లనూ తగ్గించే ప్రమాదం ఉంది. పైగా నడక అనేది రెండు కాళ్లూ, నడుమూ కలిసి చేసే పని. వెన్నుపాములోని వలయాలూ, మెదడు కాండం నుంచి దిగే దారులూ అందులో పాలుపంచుకుంటాయి. పెద్ద దెబ్బ తగిలినవారిలో మంచి అర్ధగోళం పడిపోయిన కాలికి సాయం చేస్తూ ఉండొచ్చు. అలాంటి రోగిలో ఆ సాయాన్ని అణిచివేయడం మంచాన పడ్డవాడి చేతికర్ర లాక్కోవడమే.

ఆధారాల సంగతికి వస్తే, ఐరోపా నిపుణుల బృందం 2020లో ప్రచురించిన మార్గదర్శకాల్లో మంచి వైపు 1 హెర్ట్జ్ ఉద్దీపనకు అత్యున్నతమైన 'ఎ' స్థాయి ఇచ్చారు. కానీ అది స్ట్రోక్ తొలి రోజులు గడిచిన దశలో చేతి కదలికకు మాత్రమే. కాలికీ, నడకకూ ఆ స్థాయి ఇవ్వలేదు. అమ్మేవాళ్ల కరపత్రాల్లో మాత్రం 'ఎ' అక్షరం ఉంటుంది, 'చేతికి' అన్న మాట ఉండదు. ఆ చేతి విషయంలో కూడా అంతా సాఫీగా లేదు. అమెరికాలో 12 కేంద్రాల్లో 199 మంది మీద జరిగిన నిచ్ ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. అసలు ఉద్దీపన పొందినవారిలో 67 శాతం, ఉత్తుత్తి ఉద్దీపన పొందినవారిలో 65 శాతం అనుకున్నంత మెరుగయ్యారు. రెండు గుంపులకూ దక్కింది మంచి వ్యాయామం, మెరుగైంది దానివల్లేనని మా అంచనా.

నిలకడ విషయంలో మాకు ఆశ కలిగించేది చిన్నమెదడు మీద చేసిన పని. 2019లో జామా న్యూరాలజీ పత్రికలో వచ్చిన రోమ్ అధ్యయనంలో 36 మందిని తీసుకుని, మూడు వారాలపాటు చిన్నమెదడు మీద ఇంటర్మిటెంట్ తీటా బర్స్ట్ (అయస్కాంత పల్సులను గుత్తులుగా, మధ్యమధ్య విరామంతో వదిలే పద్ధతి) ఇచ్చి, దానికి ఫిజియోథెరపీ జోడించారు. బెర్గ్ బ్యాలెన్స్ స్కోరు ఉత్తుత్తి గుంపుకంటే ఎక్కువ పెరిగింది, నడిచేటప్పుడు పాదాల మధ్య ఎడం తగ్గింది. ఫ్యూగల్-మేయర్, బార్తెల్ స్కోర్లలో మాత్రం తేడా రాలేదు. అంటే ఒంటిని నిలబెట్టుకోవడం మెరుగైంది గానీ, చచ్చుబడ్డ కండరాల అదుపు గానీ, రోజువారీ పనులు గానీ ప్రత్యేకంగా మారలేదు. 36 మందితో తేలినదాన్ని చికిత్సా విధానంగా ప్రకటించెయ్యకూడదు. కానీ నిలకడ కోసం ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలంటే నడినెత్తి కంటే ఇదే నయమని మా అంచనా.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు వైపు తారుమారు కావడం. పెద్దమెదడు ఎడమభాగం కుడి ఒంటిని నడిపిస్తుంది, కానీ చిన్నమెదడులో కుడిది కుడివైపునే చూసుకుంటుంది. ఎడమ మెదడుకు స్ట్రోక్ వచ్చి కుడికాలు పడిపోయినవారికి కాయిల్ పెట్టాల్సింది కుడి చిన్నమెదడు మీద. 'మెదడుకు ఎడమవైపు దెబ్బ' అని ఫైలులో చదివి ఎడమవైపు కాయిల్ పెట్టేస్తే మూడు వారాలూ వృథా. ఫైలు మొదటి పేజీలో 'పడిపోయిన వైపు: కుడి, చిన్నమెదడు కాయిల్: కుడి' అని రెండూ ఒకే వరుసలో రాయండి. చోటు కొలవడానికి, తల వెనక మధ్యలో చేతికి తగిలే ఎముక బొడిపె నుంచి 1 సెంటీమీటరు కిందికి, 3 సెంటీమీటర్లు పక్కకు జరగాలి. తీటా బర్స్ట్ లెక్క ఇది: 50 హెర్ట్జ్ వేగంతో మూడు పల్సులు ఒక గుత్తి, సెకనుకు ఐదు గుత్తులు, 2 సెకన్లు ఇచ్చి 8 సెకన్లు విరామం, ఇలా 20 సార్లు. మొత్తం 600 పల్సులు, సుమారు 190 సెకన్లు. తీవ్రత సాధారణంగా యాక్టివ్ మోటార్ థ్రెషోల్డ్‌లో 80 శాతం. ఈ థ్రెషోల్డ్ అంటే కండరాన్ని కొద్దిగా బిగించి ఉంచినప్పుడు పదిసార్లలో ఐదుసార్లయినా 200 మైక్రోవోల్టుల స్పందన తెప్పించే కనీస బలం. విశ్రాంతిలో కొలిస్తే 50 మైక్రోవోల్టులు చాలు.

థ్రెషోల్డ్‌ను కాలి నుంచి కొలవబోతే చాలామందిలో పని జరగదు. మడమ నేలకు ఆన్చి పాదాన్ని పైకెత్తి పట్టుకోమంటే పాదం వాలిపోయిన రోగి ఎలా పట్టుకుంటారు? తీవ్రంగా దెబ్బతిన్న వైపు నుంచి స్పందనే రాకపోవచ్చు. అప్పుడు బాగున్న వైపు చేతి కండరం నుంచి కొలిచి, 'థ్రెషోల్డ్ చేతిది' అని ఫైలులో రాసెయ్యాలి. ఊహతో ఒక అంకె వేసి పల్సులు వదలడం మాత్రం కూడదు.

సన్నటి కరెంటు పద్ధతి, అంటే టీడీసీఎస్, చవక. రోగి నడుస్తుండగానే ఇవ్వొచ్చు. నడక శిక్షణతో దీన్ని కలపడం సులువు కాబట్టి చాలా విభాగాలకు ఇదే తగినదని అనుకుంటాం. ఇది నాడీకణాలను నేరుగా స్పందింపజేయదు, అవి స్పందించే గీతను కొద్దిగా అటూ ఇటూ జరుపుతుందంతే. కాబట్టి దానితోపాటు రోగి ఏం చేస్తున్నారన్నదే అసలు మందు. కుర్చీలో కూర్చోబెట్టి టీవీ చూపిస్తూ 20 నిమిషాలు కరెంటిచ్చి పంపితే మెదడు ఏం నేర్చుకోవాలి?

చోటు కొలిచే టేపు దగ్గరే చాలా తప్పులు జరుగుతాయి. కనుబొమల మధ్య ముక్కు మొదలయ్యే గుంట నుంచి తల వెనక బొడిపె దాకా టేపు పెట్టండి. 36 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం, 18 దగ్గర గుర్తు పెట్టండి. ఇప్పుడు ఒక చెవి ముందరి గుంట నుంచి ఆ గుర్తు మీదుగా రెండో చెవి ముందరి గుంట దాకా కొలిచి సగం తీయండి. రెండు సగాలూ కలిసే చోటే సీజెడ్ బిందువు, కాలి భాగానికి పైనున్న చోటు. టేపు ఒక్క వేలెడు పక్కకు జారినా మీరు పోయేది చేతి వైపుకు. ఆనోడ్ (ప్లస్) స్పాంజి అక్కడ, కాథోడ్ (మైనస్) కనుబొమ పైన నుదుటి మీద పెట్టడం ఎక్కువగా వాడుకలో ఉంది. 5 × 7 సెంటీమీటర్ల స్పాంజి, 2 మిల్లీఆంపియర్లు, 20 నిమిషాలు. మొదట 30 సెకన్లలో మెల్లగా పెంచి, చివర అలాగే తగ్గించాలి. స్పాంజి వెడల్పు వల్ల కరెంటు రెండు కాళ్ల చోట్లకూ పోతుంది, దాన్ని ఆపలేం.

2 మిల్లీఆంపియర్లు 35 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుంటే చదరపు సెంటీమీటరుకు 0.057 మిల్లీఆంపియర్లు. స్పాంజిలో నాలుగో వంతే తడిసి చర్మానికి ఆనితే అదే కరెంటు అక్కడే గుమిగూడి 0.23 అవుతుంది. కాలిన మచ్చలు పడేది ఇలాగే. యంత్రం చూపేది అంతే కరెంటు, తేడా అంతా స్పాంజి కింద జరుగుతుంది. 0.9 శాతం సెలైన్‌తో స్పాంజిని సమానంగా తడపండి, పిండితే కారేంత వద్దు. ఎక్కువై నుదుటి మీదికి కారితే కరెంటు తడి దారినే పోతుంది, మెదడు మొహం చూడదు. జుట్టు పాయలు తీసి చర్మం కనబడేలా చెయ్యాలి. జిడ్డున్న తలను ముందే కడగాలి. ఇంపీడెన్స్ (కరెంటుకు ఎదురయ్యే అడ్డు) 10 కిలోఓమ్‌ల కంటే తగ్గాకే మొదలుపెట్టాలి. గీరుకుపోయిన చర్మం మీద, పుండు మీద పెట్టకూడదు. కరెంటు నడుస్తుండగా స్పాంజి ఎత్తి చూడకూడదు. ఎత్తితే రోగి షాక్ కొట్టినట్టు ఉలిక్కిపడతారు, కళ్ల ముందు మెరుపు కనబడుతుంది. అనుమానం వస్తే ముందు కరెంటు దించి ఆ తర్వాత చూడాలి.

మాట పోయిన రోగుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మంటగా ఉందని వాళ్లు చెప్పలేరు. ఒకవైపు ఒంటి స్పృహే లేనివారు మచ్చ పడ్డా గుర్తించరు. అలాంటివారికి బొమ్మల కార్డు గానీ, బాగున్న చేతి సైగ గానీ ముందే అలవాటు చేయించి, 5 నిమిషాలకోసారి అడగాలి. సెషన్ అయ్యాక స్పాంజి కింది చర్మాన్ని చూడటం అందరికీ తప్పనిసరి. కాస్త ఎరుపెక్కడం మామూలే, బొబ్బ మామూలు కాదు.

ట్రెడ్‌మిల్ మీద బరువు మోసే పట్టీలతో నడిపిస్తూ టీడీసీఎస్ ఇస్తే కొత్త చిక్కులొస్తాయి. పట్టీ వైరును లాగి స్పాంజిని జరిపేస్తుంది. యంత్రాన్ని నడుముకు సంచిలో కట్టి, వైరును వీపు వెనక నుంచి పైకి తెచ్చి, మెడ దగ్గర టేపుతో ఒక చోట బిగించండి. చెమట పట్టేకొద్దీ స్పాంజి చుట్టూ తడి వ్యాపిస్తుంది, నుదుటిని మధ్యలో తుడవాలి. తల మీది రబ్బరు పట్టీ గట్టిగా బిగిస్తే తలనొప్పి, వదులైతే స్పాంజి జారుడు. ఈ పనికి ఒక మనిషి, నడిపించడానికి ఒక మనిషి కావాలి. ఒక్కరే రెండూ చూసుకుంటే ఏదో ఒకటి చెడుతుంది, పడిపోయేది రోగి.

ఆర్‌టీఎంఎస్ విషయంలో చిక్కు సమయానిది. దాని ప్రభావం చాలావరకు కొన్ని పదుల నిమిషాలే నిలుస్తుంది. ఉద్దీపన గది రెండో అంతస్తులో, నడక హాలు కింద ఉంటే, చక్రాల కుర్చీ, లిఫ్టు, రక్తపోటు చూడటం, బూట్లు, చీలమండ స్ప్లింటు వేయడం, వీటితోనే సగం గడిచిపోతుంది. స్ప్లింటు, నడుము బెల్టు ముందే వేసి కూర్చోబెట్టండి. 10 నిమిషాల్లోపు మొదటి అడుగు పడేలా గదులు సర్దుకోలేకపోతే యంత్రం కొనకండి. అన్నీ సరిగ్గా చేసినా అందరి మెదడూ ఒకేలా స్పందించదు. 2013లో 52 మంది ఆరోగ్యవంతుల మీద తీటా బర్స్ట్ పరీక్షిస్తే, గుంపు మొత్తంగా చూసినప్పుడు ప్రభావమే కనబడలేదు. కొందరిలో అనుకున్నట్టు, కొందరిలో దానికి ఉల్టాగా జరిగింది. పదిమందికి ఒకే ప్యాకేజీ ఇచ్చి పదిమందీ మెరుగవుతారని హామీ ఇవ్వడం అందుకే తప్పు.

ఎవరికి ఇవ్వకూడదన్నది మొహమాటం లేకుండా గోడ మీద రాసి పెట్టాలి. తలలో అయస్కాంతానికి స్పందించే లోహపు క్లిప్పు, కాక్లియర్ ఇంప్లాంటు, పేస్‌మేకర్ ఉన్నవారికి ఆర్‌టీఎంఎస్ వద్దు. ఫిట్స్ చరిత్ర ఉన్నవారు, ట్రామడాల్, బుప్రోపియాన్, ట్రైసైక్లిక్ మందులు వాడుతున్నవారు, ముందు రాత్రి నిద్రపోనివారు వస్తే న్యూరాలజిస్టు చూడకుండా మొదలుపెట్టకూడదు. పుర్రె ఎముక తీసినవారిలో ఆ రంధ్రం గుండా టీడీసీఎస్ కరెంటు దారి మళ్లుతుంది, మామూలు లెక్కలేవీ పనికిరావు. ఆర్‌టీఎంఎస్ గదిలో రోగికీ, పక్కనున్నవారికీ చెవిప్లగ్గులు ఉండాలి. ఫిట్స్ వస్తే కాయిల్ తీసి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూడాలి. నోట్లో ఏదీ పెట్టకూడదు. 5 నిమిషాలు దాటితే అత్యవసర మందు. ఆ మందు ఎక్కడుందో, ఎవరిస్తారో ఆ గదిలో ఉన్న ప్రతివారికీ తెలియాలి.

నడక శిక్షణ గంటల సంగతి మీకు గట్టిగా చెప్పాల్సి ఉంది. 2011లో వచ్చిన లీప్స్ ట్రయల్‌లో 408 మందిని చూశారు. రెండు గుంపులు (ఒకటి ముందుగా, ఒకటి ఆలస్యంగా) బరువు మోసే ట్రెడ్‌మిల్ మీద శిక్షణ పొందాయి, ఇంకో గుంపు ఫిజియోథెరపిస్టు ఆధ్వర్యంలో ఇంట్లో వ్యాయామం చేసింది. సంవత్సరానికి నడక స్థాయి మెరుగైనవారు మొత్తం మీద 52 శాతం, గుంపుల మధ్య తేడా లేదు. ఖరీదైన యంత్రం, మామూలు వ్యాయామం సమానంగా నిలిచాయంటే యంత్రం ఖరీదు చూసి ఫలితాన్ని ఊహించకూడదని అర్థం. మా దృష్టిలో ముందు చూడాల్సింది అడుగుల లెక్క. మీ దగ్గర రోగి రోజూ వేసే అడుగులు ఎన్నో మీకు తెలుసా? పాదానికో నడుముకో అడుగులు లెక్కపెట్టే పరికరం కట్టి ఒక వారం చూడండి. ఆ అంకె తేలకముందే ఉద్దీపన యంత్రం కొనడానికి డబ్బు కేటాయించకండి. ఉద్దీపన మొదలయ్యాక ఆ అంకె పడిపోతే దాన్ని ఆపెయ్యండి.

కొలతలు నిజాయితీగా ఉండాలి. నడక వేగానికి 14 మీటర్ల దారి గీసి, మొదటి 2, చివరి 2 మీటర్లు వదిలి, మధ్య 10 మీటర్లకు స్టాప్‌వాచ్ పట్టండి. ముందరి పాదం గీత దాటగానే మొదలు, అవతలి గీత దాటగానే ఆపు. అదే బూట్లు, అదే కర్ర, అదే స్ప్లింటు. మూడుసార్లు నడిపించి సగటు తీయండి. వేగంలో రోగికి తేడా తెలిసే పెరుగుదల సెకనుకు 0.16 మీటర్లని లెక్కగట్టారు. 25 సెకన్లు పట్టే మనిషి (సెకనుకు 0.40 మీటర్లు) 18 సెకన్లలోపుకు వస్తేనే ఆ గీతకు చేరినట్టు. 20 సెకన్లకు వచ్చి ఆగితే పెరిగింది 0.10 మాత్రమే, 'నడక మెరుగైంది' అని కుటుంబానికి చెప్పుకోవడానికి ఆ 0.10 చాలదు. బెర్గ్‌లో 14 అంశాలు, 56 మార్కులు. 50 దాటినవారిలో పెరగడానికి చోటే ఉండదు, వాళ్లకు వేరే పరీక్ష కావాలి. మొదటి కొలత రెండు రోజుల్లో రెండుసార్లు తీసుకోండి, పరీక్ష అలవాటు వల్ల వచ్చే పెరుగుదల అప్పుడే తేలిపోతుంది.

తొలి మూడు నెలల్లో మెదడు తనంతట తానే చాలా కోలుకుంటుంది. ఆరో వారంలో మొదలుపెట్టి తొమ్మిదో వారంలో కొలిచి 'చూశారా' అంటే దాంట్లో యంత్రం వాటా ఎంత? పోల్చడానికి ఉత్తుత్తి గుంపు పెట్టలేకపోతే, కనీసం ఉద్దీపన లేకుండా అంతే శిక్షణ పొందినవారి కొలతలు పక్కన పెట్టుకోండి. కొలిచేవారికి ఎవరికి ఏది ఇచ్చారో తెలియకూడదు. ఆ కొలతలు చేతికొచ్చేదాకా పోస్టర్లు, వీడియోలు ఆపండి. సంతకం పెట్టించుకునే కాగితంలో, రోగికి వచ్చిన భాషలో, 'నడకకు ఇది నిరూపితమైన చికిత్స కాదు, శిక్షణకు తోడుగా ప్రయత్నిస్తున్నాం, ఫిట్స్ వచ్చే అవకాశం చాలా తక్కువే గానీ ఉంది' అన్న వాక్యం మొదటి పేజీలోనే ఉండాలి.

ఇట్లు,
స్ట్రోక్ రోగుల నడక శిక్షణలో పనిచేసే ఫిజియోథెరపిస్టులం, పునరావాస వైద్యులం

తా.క.: స్పాంజిలు వాడేకొద్దీ లోపల ఉప్పు పేరుకుని ఒకచోట గట్టిపడతాయి, ఆ చోట తడి పట్టదు. ప్రతి సెషన్ తర్వాత మామూలు నీళ్లతో కడిగి ఆరబెట్టండి, నొక్కితే అన్ని చోట్లా ఒకేలా దిగని స్పాంజిని పారెయ్యండి. కొత్త స్పాంజిల ఖర్చును కొనుగోలు కాగితంలో మొదటి రోజే రాసుకోండి.